చదవకుండా వేసిన మార్కులు

పద్దెనిమిది అని వేయడానికి నాకు రెండు సెకన్లు పట్టేది. పేపరు తెరవాల్సిన పని కూడా లేదు. పైన రోల్ నంబరు పక్కన 'పి' అనే అక్షరం కనిపిస్తే చాలు, ముప్పైకి పద్దెనిమిది వేసి కట్టలో పడేసేదాన్ని. పి అంటే ప్లేయర్, ఆటగాళ్ళు ఎవరికి వాళ్ళే రాసుకుంటారు. నంద్యాలలో మా డిగ్రీ కాలేజీలో ఇది ఎవరూ ఎక్కడా రాసి పెట్టని పద్ధతి. ఇంటర్నల్ పరీక్షలో పన్నెండు రాని వాళ్ళను పోటీలకు పంపకూడదని కాలేజీలో ఒక నిబంధన ఉంది. ఆటగాళ్ళను ఆ నిబంధన దాటించడానికి ఎప్పుడో ఎవరో ఈ దారి కనిపెట్టారు. పొద్దున అయిదున్నర నుంచి గ్రౌండులో ఒళ్ళు హూనం చేసుకునే పిల్లలు, పాపం వాళ్ళకు ఇంకేం చదువు ఎక్కుతుందిలే అని మా అందరి దయ. నేను పంతొమ్మిదేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. పంతొమ్మిదేళ్ళూ ఆ దయ చూపించాను. నా భర్త ఎలీషా అదే కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు కాబట్టి, నా దయ మిగతా వాళ్ళకంటే ఒక పాలు ఎక్కువే.

పోయిన నవంబరులో ఎలీషా కాళ్ళు భూమి మీద నిలవడం లేదు. ఆయన అమ్మాయిల కబడ్డీ జట్టు యూనివర్సిటీ కప్పు కోసం ఇరవై ఏళ్ళుగా కర్నూలు వెళ్ళి వస్తోంది. రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్ళి ఓడింది. ఈసారి జ్యోత్స్న ఉంది. ఆళ్ళగడ్డ పిల్ల, బీఎస్సీ రెండో సంవత్సరం, జట్టు మొత్తంలో నా లెక్కల క్లాసులో ఉన్నది ఆ ఒక్కతే. మనిషి సన్నగా ఉంటుంది, మాట అంతకన్నా సన్నగా ఉంటుంది. కూతకు వెళ్ళిందంటే మాత్రం ఒట్టి చేతులతో తిరిగొచ్చేది కాదు. ఎలీషా భోజనం దగ్గర కూడా పచ్చడి గిన్నె, ఉప్పు డబ్బా, నీళ్ళ చెంబు పేర్చి, వాటి మధ్య నుంచి ఆ పిల్ల ఎట్లా జారిపోయిందో వేలితో నాకు చూపించేవాడు. నేను తినడం మానేసి చూడాల్సి వచ్చేది.

రెండో ఇంటర్నల్ మార్కులు బోర్డు మీద పెట్టిన రోజు జ్యోత్స్న స్టాఫ్ రూముకు వచ్చింది. తన పేపరు ఒకసారి చూసుకుంటానంది. ఆటగాళ్ళెవరూ అంతవరకు నన్ను ఆ మాట అడగలేదు. కట్టలోంచి వెతికి ఇచ్చాను. నిలబడే మొదటి పేజీ తిప్పింది, రెండోది తిప్పింది, చివరిదాకా వెళ్ళింది. లోపల ఎక్కడా ఎర్ర సిరా లేదు.

"నేను పి రాయలే మేడం," అంది.

చూశాను. రోల్ నంబరు నీలం సిరాతో ఉంది, పి నల్ల సిరాతో ఉంది. ఆ పి తోక ఎడమకు వంగి ఉంది. ఇరవై మూడేళ్ళుగా కిరాణా చీటీల మీద నేను చూస్తున్న చేతిరాత అది. ఆ పరీక్షకు హాల్లో ఇన్విజిలేటరు ఎలీషానే. నాకు అంతా అర్థమైంది. పైకి మాత్రం, మార్కులు వచ్చాయి కదా ఇంకా నీ బాధ ఏమిటని ఆ పిల్లనే గదమాయించాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పేపరు రేపు తెచ్చిస్తానని చెప్పి తీసుకుపోయింది.

మర్నాడు ప్రాక్టీసుకు రాలేదు. హాస్టల్లో వంట చేసే వెంకటమ్మను అడిగితే, సాయంత్రమే నాయన వచ్చి పెట్టేబేడాతో సహా ఆళ్ళగడ్డకు తీసుకుపోయాడని చెప్పింది. ఇంక చదివించనని, ఆడించనని కూడా అన్నాడట.

ఇంట్లో నేను అడిగే లోపలే ఎలీషా ఒప్పుకున్నాడు.

"మర్సిపోయిందనుకున్యా అరుణా. పి లేకుంటే నువ్వు నిజంగా దిద్దుతావు. దిద్దితే పాప పోతాది. అందుకే నేనే రాసినా."

ఆయన గొంతులో తప్పు చేసిన జాడ లేదు. జారి పడబోయే పిల్లను పట్టుకున్నట్టు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వెవరు రాయడానికి అని అరిచాను. తలుపులు వేసి మరీ అరిచాను. ఆ పేపరును తెరవకుండా మార్కులు వేసింది నేనే కదా అన్న సంగతి ఆ రోజు నా నోట రాలేదు, ఆయనా అనలేదు. కప్పు పోటీలకు ఇంకా మూడు వారాలుంది. జ్యోత్స్న నాయన మద్దిలేటికి ఎలీషా రోజుకు పదిసార్లు ఫోను చేశాడు. ఆయన ఎత్తలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం బండి మీద ఆళ్ళగడ్డకు బయలుదేరాం. శిరివెళ్ళ దాటాక ఎలీషా, నువ్వేమీ మాట్లాడొద్దు, నేను మాట్లాడతాను అన్నాడు. సరేనన్నాను. నాకూ మాట్లాడాలని లేదు.

మద్దిలేటి రోడ్డు పక్కన శిల్పాలు చెక్కే షెడ్డులో పని చేస్తాడు. మేము వెళ్ళేసరికి ఉలి పట్టుకుని ఒక దేవత మోచెయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య కొండమ్మ నీళ్ళు పోసి రాతిని నున్నగా రుద్దుతోంది. పక్కనే మూతికి గుడ్డ కట్టుకుని ఇంకో మనిషి రుద్దుతోంది. గుడ్డ తీసేదాకా అది జ్యోత్స్న అని నేను పోల్చుకోలేదు. అయిదు రోజులకే జుట్టంతా తెల్లటి దుమ్ము పట్టింది. నన్ను చూసి లేచింది, ఎలీషాను చూసి తల దించుకుంది.

ఎలీషా తాను అనుకున్నదంతా చెప్పాడు. ఇట్లాంటి పిల్ల ఇరవై ఏళ్ళకు ఒకతి దొరుకుతుందన్నాడు. కప్పు గెలిస్తే యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటారన్నాడు, ఆ తర్వాత స్పోర్ట్స్ కోటా, పోలీసు ఉద్యోగం, అన్నీ వరసగా చెప్పాడు. మద్దిలేటి అడ్డు రాకుండా విన్నాడు. విన్నాక ఉలి కింద పెట్టాడు.

"మీరు చెడ్డోళ్ళని నేను అనడంల్యా సార్. గని నుంచి అయిదు రాళ్ళు తెస్తే అయిదూ ఒకటే తూకం తూగుతాయా? తూగినాయంటే, తూకమేసినోడు ముల్లు చూడలేదని. మా పాపకు అయిదు సబ్జెక్టుల్లోనూ పద్దెనిమిదే. పోయినేడూ అంతే. నాకు ఇంగిలీసు రాదు గాని అంకెలు తెలుస్తాయి. అందుకే, నీకు లెక్కలంటే ఇష్టం గదా, ఆ ఒక్కదాంట్లో అన్నా పి రాయొద్దు, వచ్చినన్ని రానీ అని చెప్పి పంపినా."

మార్కులు ఎవరడుగుతారు, ఆటే తిండి పెడుతుంది అన్నాడు ఎలీషా.

"మోకాలు పోతే?"

మా ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది. చాగలమర్రి అమృత. నాలుగేళ్ళ కిందట ఎలీషా జట్టుకు ఆ పిల్లే ప్రాణం. మూడో సంవత్సరంలో మోకాలు తిరిగింది. ఇంటర్నల్స్ అన్నింటిలో మేం పద్దెనిమిదులు వేశాం కానీ, యూనివర్సిటీ పరీక్షల్లో పి అని రాస్తే ఎవరు చూస్తారు? ఏడు పేపర్లు మిగిలిపోయాయి.

"మొన్న చాగలమర్రి కాడ హోటల్లో టీ తాగినా," అన్నాడు మద్దిలేటి. "టోకెన్లు ఇచ్చే కాడ కూసోనుంది ఆ అమృత పాప. మీరు బాగుండారా అని అడిగింది సార్."

ఎలీషా మొహం చూడలేక నేను రాళ్ళ వైపు చూశాను. మద్దిలేటి అప్పుడు నా వైపు తిరిగాడు.

"మేడం, మా పాప రాసింది మీరు చదివినారా?"

ఎలీషా మోచెయ్యి నా చేతికి తగిలింది. చదివానని చెప్పు అన్నట్టే తగిలింది. చెప్పడం చాలా తేలిక, వాళ్ళు ఎట్లా రుజువు చేస్తారు? జ్యోత్స్న గుడ్డను చేతిలో నలుపుతూ నన్నే చూస్తోంది.

"చదవలే," అన్నాను.

జ్యోత్స్న షెడ్డు వెనక్కి వెళ్ళి సంచిలోంచి పేపరు తెచ్చింది. దుమ్ము పడకుండా దినపత్రికలో చుట్టి దాచుకుంది. విప్పి నా చేతికిచ్చి, "ఇప్పుడు చదవండి మేడం," అంది.

చెక్కని ఒక దిమ్మ మీద కూర్చున్నాను. ఎర్ర పెన్ను ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. మొదటి లెక్క దాదాపు మొత్తం ఒప్పే, ఆరుకు అయిదు వేశాను. రెండోదాంట్లో దారి మంచిదే పట్టింది కానీ మొదట్లోనే ఒక మైనస్ గుర్తు పడిపోయింది, దాని కిందిదంతా పోయింది. మూడు. మూడో లెక్కలో మొదటి వరుస ఉంది, చివరి వరుస ఉంది, మధ్యలో ఏమీ లేదు. దానికీ మూడు. నాలుగోది పూర్తిగా తప్పు. దాని కింద చిన్న అక్షరాలతో ఇట్లా రాసి ఉంది: 'మేడం, ఇది చెప్పిన రోజు నేను అనంతపురంలో మ్యాచ్ ఆడుతున్నాను. పుస్తకం చూసి నేర్చుకున్నాను. సరైనదో కాదో చెప్పగలరు.' ఆ పిల్ల నన్ను ఆ ప్రశ్న అడిగి పదిరోజులైంది. అయిదోది రాయలేదు.

కూడితే పదకొండు.

నా భుజం మీదుగా ఎలీషా కూడా కూడుకున్నాడు. "ఒక్కటి, అరుణా," అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు. పన్నెండైతే కర్నూలు. ఒక్క మార్కు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, ఏ లెక్కల టీచరుకైనా ఆ సంగతి తెలుసు. రెండో లెక్కలో మూడు బదులు నాలుగు వేస్తే నన్ను అడిగే మొగాడు లేడు. ఆ లెక్క మళ్ళీ చదివాను. ఇంకోసారి చదివాను. నాలుగు వేయడానికి అక్కడ ఏమీ లేదు. పాతది కొట్టేసి పదకొండు వేసి సంతకం పెట్టాను.

జ్యోత్స్న ఆ అంకె చూసి నేల మీద కూర్చుండిపోయింది. దాని అర్థం ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏమైంది, ఏమైందని కొండమ్మ అడుగుతోంది. మద్దిలేటి పేపరు తీసుకుని ఎర్ర గీతలు ఒక్కొక్కటీ చూశాడు. ఈడ యాల కొట్టేసినారు అని వేలు పెట్టి అడిగాడు. చెప్పాను. ఈడ అని ఇంకోచోట అడిగాడు. అదీ చెప్పాను. అన్నీ అయ్యాక పేపరు మడిచి నాకిచ్చాడు.

"రేపు తొలి బస్సుకు తోల్తా," అన్నాడు. "మీరు చెప్తే చదువుకుంటాది."

ఎలీషా అప్పటికే బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

సోమవారం ప్రిన్సిపాల్ శ్యాంసుందర్ గారి దగ్గరికి వెళ్ళి మార్కులు సరిదిద్దాలని అడిగాను. ఆయన రెండంకెలనూ చూసి, ఎలీషా గారికి తెలుసా అమ్మా అన్నారు. తెలుసన్నాను. తప్పిన వాళ్ళకు మళ్ళీ పరీక్ష డిసెంబరు పద్నాలుగున పెట్టారు. కప్పు పోటీలు పదమూడున మొదలు. రెండు రోజులు ముందుకు జరపమని బతిమాలాను. ఒక్కరి కోసం నిబంధన మారిస్తే ఎట్లా, ఆ నిబంధన ఇప్పుడు మీరే గుర్తు చేశారు కదా అని నవ్వారు. ఆ నవ్వు నాకు బాగానే తగిలింది.

ఆ రోజు నుంచి ఎలీషా నాతో మాట్లాడలేదు. కొట్లాడితే బాగుండేది. కంచంలో తనే వడ్డించుకుని తనే కడుక్కునేవాడు. గ్యాసు అయిపోయిందని చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద పెట్టాడు. ఇరవై ఏళ్ళ ఆయన కలను ఒక్క మార్కు కోసం తొక్కేశానని ఆయన బాధ. నాకూ బాధే. నేను సరైన పనే చేశానని ఏ పూటా గట్టిగా అనుకోలేకపోయాను.

జ్యోత్స్న మాట ప్రకారం వచ్చింది. ప్రాక్టీసు అయ్యాక పొద్దున ఎనిమిదింటికి చెమట బట్టలతోనే మా వరండాలో చాప మీద కూర్చునేది. మోచేతుల నిండా దోక్కుపోయిన గాయాలు. కళ్ళు మూతలు పడుతుంటే లేచి మొహం కడుక్కుని వచ్చేది. మొద్దు పిల్ల కాదు. వదిలేసిన వరుసలు యాడున్నాయంటే మనసులో చేసినా అనేది. నీ మనసులోది నాకెట్లా కనపడుతుంది, మొత్తం రాయి అని రోజూ అరిచేదాన్ని. పదో రోజు ఒక లెక్క నాలుగుసార్లు చేయించాను. నాలుగోసారి కూడా తప్పింది. పెన్ను చాప మీద పడేసింది.

"ఆ పొద్దు మీరు ఒక్కటేసుంటే సరిపోయేది గదా మేడం. నేను కర్నూలు పోయేదాన్ని. సారు మీతో మాట్లాడేటోడు."

"సరిపోయేది," అన్నాను. తర్వాత ఆ పిల్లే పెన్ను తీసుకుంది.

ఆ మాటలు లోపలికి వినపడ్డట్టున్నాయి. మర్నాడు చాప పక్కన గ్లాసెడు పాలు, రెండు ఉడికిన గుడ్లు ఉన్నాయి. ఎలీషా పెట్టి వెళ్ళాడు. నాకు టీ కూడా లేదు.

పన్నెండో తేదీ మధ్యాహ్నం జట్టు వ్యాను కాలేజీ గేటు దగ్గర ఆగింది. తన చోట ఆడబోయే పిల్లను జ్యోత్స్న పక్కకు తీసుకెళ్ళి, కుడి వైపు పట్టేవాళ్ళు ఎట్లా వస్తారో చేతులతో చూపిస్తూ చాలాసేపు మాట్లాడింది. ఎలీషా అందరినీ లెక్కపెట్టి ఎక్కించాడు. జ్యోత్స్న తల మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. నా వైపు చూడలేదు. వ్యాను మలుపు తిరిగాక కూడా ఆ పిల్ల గేటు దగ్గరే నిలబడింది.

పద్నాలుగున ఆరో నంబరు గదిలో పరీక్ష. రాసేది జ్యోత్స్న ఒక్కతే, కాపలా నేను. కర్నూలులో సెమీఫైనల్ కూడా సరిగ్గా పదింటికే. పదిన్నరకు నా సంచిలో ఫోను వణికింది. జ్యోత్స్న తలెత్తింది. నేను కదల్లేదు. మళ్ళీ వణికింది. ఈసారి పెన్ను ఆపి సంచి వైపే చూసింది, పెదవి కొరుక్కుంది, తల దించి రాయడం మొదలుపెట్టింది. తర్వాత ఎన్నిసార్లు వణికినా చూడలేదు. నేను మాత్రం ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను.

పదకొండున్నరకు పేపరు నా బల్ల మీద పెట్టింది. నా చెయ్యి సంచిలోకి పోయింది.

"ముందు దిద్దండి మేడం," అంది.

"ఫోను..."

"అది తర్వాత. ముందు ఇది చదవండి."

కూర్చోమంటే కూర్చోలేదు. బల్లకు అవతల నిలబడి, నా పెన్ను ఎక్కడ ఆగుతుందో చూస్తోంది. ప్రతి వరుసా చదివాను. ఈసారి మధ్య వరుసలన్నీ ఉన్నాయి, కొన్ని చోట్ల అక్కర్లేనివి కూడా ఉన్నాయి. అయిదింటిలో ఒకటి తప్పింది, ఇంకొకటి సగంలో ఆగింది. పైనా కిందా చూసి రెండుసార్లు కూడుకున్నాను. పదహారు. పోయిన మార్కులు యాడ పోయినాయని అడిగింది. చూపించాను. ఒప్పుకుంది. ఒకచోట మాత్రం వాదించింది, ఆ వాదన తప్పని చెప్తే అదీ ఒప్పుకుంది.

"ఇప్పుడు చూడండి," అంది.

ఎలీషా నుంచి ఏడు ఫోన్లు, ఒక మెసేజి. 'ఓడినాం. మూడు పాయింట్లు. పాప ఎట్ల రాసింది?' చదివి ఫోను ఆమె చేతికిచ్చాను. జ్యోత్స్న దాన్ని చాలాసేపు పట్టుకుని చూసింది. ఆళ్ళగడ్డలో ఏడవని పిల్ల, గేటు దగ్గర ఏడవని పిల్ల, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"నేనుంటే గెలిచేటోళ్ళం మేడం."

"గెలిచేవాళ్ళే," అన్నాను. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం ఇంక నావల్ల కాదు.

ఫోను మళ్ళీ మోగింది. ఇన్ని రోజుల తర్వాత ఆయన గొంతు నాకోసం వినపడింది. ఎన్ని అని అడిగాడు. పదహారు అన్నాను. వెనక వ్యానులో పిల్లల ఏడుపులు వినపడుతున్నాయి.

"చదివి వేసినావా?"

"చదివే వేశాను. ఎదురుగా నిలబడి వేయించుకుంది."

కట్ అయిందేమో అని ఫోను చూసుకున్నాను.

"అరుణా, ఈళ్ళంతా బీఏ, బీకాం పిల్లోళ్ళు. పదిమంది ఉండారు. ఎవురి పేపరూ ఎవురూ చదవలే ఇన్నాళ్ళు," అన్నాడు. "రేపటి నుంచి పుస్తకాలు తీస్కోని మన ఇంటికి రమ్మంటా. నీకు చాతనైతాదా?"

బీకాం పుస్తకాలు నేనెప్పుడూ తెరిచి కూడా చూడలేదు. చాతనవుతుందో లేదో ఆ నిమిషాన నాకు తెలియదు.

"రమ్మని చెప్పండి," అన్నాను.

జ్యోత్స్న అప్పటికే మొహం తుడుచుకుని ఫోను కోసం చెయ్యి చాచింది. ఆఖరి కూతకు ఎవరు వెళ్ళారో సారును అడగాలంట.